కారు లేకుండా సెవెన్ సిస్టర్స్, బీచీ హెడ్: అమ్మానాన్నల్ని సర్వీసు బస్సులో తీసుకెళ్ళొచ్చా?

తెనాలి తమ్ముడు | మే 6, రాత్రి 10:14

నమస్తే అండీ అందరికీ. నేనుండేది ఈస్ట్ హామ్‌లో. అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చి మూడు వారాలయింది. నీస్డెన్ గుడితో సహా లండన్‌లో చూపించాల్సినవన్నీ చూపించేశాను. వాళ్ళింకో నెల ఉంటారు, నా దగ్గర సరుకు అయిపోయింది.

నాన్నకి ఎవరో వాట్సాప్‌లో ఒక ఫోటో పంపారు. సముద్రం మీద తెల్లటి కొండ గోడలు వరసగా నిలబడి ఉన్నాయి, ముందు రెండు మూడు పాత ఇళ్ళు. "ఇది మీ దగ్గరేనటగా, పోదాం పద" అని పట్టుకున్నారు. వెతికితే ఆ కొండలు సెవెన్ సిస్టర్స్ అనీ, పక్కనే బీచీ హెడ్ అనే పెద్ద కొన ఉందనీ తెలిసింది.

నాకు కారు లేదు. టూరు కంపెనీ అంటే నాన్న ససేమిరా అంటున్నారు. ఆయన ఆర్టీసీలో 31 ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. "జెండా పట్టుకున్న పిల్ల వెనకాల నేను నడవను. సర్వీసు బస్సు ఉందేమో చూడు" అన్నారు. ఎడమ మోకాలు నొప్పి. చదును మీద గంట నడుస్తారు, ఎక్కుడు మాత్రం కష్టం. అమ్మకి నడక ఇబ్బంది లేదు గానీ లోతు చూస్తే కళ్ళు తిరుగుతాయి.

లండన్ నుంచి పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావడం కుదురుతుందా? ఎక్కడ దిగాలి? ఆ ఇళ్ళున్న ఫోటో ఎక్కణ్ణుంచి తీశారు?

కారే ముద్దు | మే 6, రాత్రి 10:41

బ్రో, పెద్దవాళ్ళతో బస్సులేంటి. ఒక రోజుకి కారు అద్దెకి తీసుకో. ఇండియా లైసెన్సుతో వచ్చిన ఏడాది దాకా ఇక్కడ నడపొచ్చు. ఈస్ట్ హామ్ నుంచి రెండు, రెండున్నర గంటలు. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు.

తెనాలి తమ్ముడు | మే 6, రాత్రి 10:48

అన్నా, నేనొచ్చి మూడేళ్ళయింది. ఆ ఏడాది ఎప్పుడో దాటిపోయింది. ఇక్కడి టెస్టు రెండుసార్లు తప్పాను, ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.

బస్సు పిచ్చోడు | మే 7, ఉదయం 7:20

నా పేరు చూసే ఉంటారుగా. ఆరేళ్ళుగా బ్రైటన్‌లో ఉంటున్నాను, సెలవొస్తే ఆ తీరం వెంట పోయే డబుల్ డెక్కర్ ఎక్కడం తప్ప నాకింకో వ్యాపకం లేదు. తీరిగ్గా చెప్తాను.

ముందు చోట్లు తేల్చుకుందాం, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. పడమర నుంచి తూర్పుకి వరస ఇది: సీఫర్డ్ ఊరు, దాని చివర సీఫర్డ్ హెడ్ అనే కొండ, తర్వాత కక్‌మియర్ నది సముద్రంలో కలిసే చోటు, ఆ అవతల ఏడు అక్కచెల్లెళ్ళు (అదే సెవెన్ సిస్టర్స్), అవి దిగితే బర్లింగ్ గ్యాప్ అనే పల్లం, మళ్ళీ ఎక్కితే బెల్ టూట్ అనే పాత లైట్‌హౌస్, ఆ పైన బీచీ హెడ్, చివరికి ఈస్ట్‌బోర్న్ ఊరు. మీ నాన్నగారి ఫోటో సీఫర్డ్ వైపు నుంచి తీసింది. ఆ ఇళ్ళు పాత కోస్ట్‌గార్డ్ కాటేజీలు, నదికి ఇవతలి గట్టున ఉంటాయి. అక్కచెల్లెళ్ళ నెత్తినెక్కి నిలబడితే ఆ ఫోటో రాదు. ఏనుగు మీద కూర్చుంటే ఏనుగు కనపడదు కదా.

ఇక బస్సులు. బ్రైటన్, ఈస్ట్‌బోర్న్ మధ్య 12 నంబరు నడుస్తుంది. సీఫర్డ్, ఎగ్జీట్ (కక్‌మియర్ మీద రోడ్డు వంతెన ఉన్న చోటు), ఈస్ట్ డీన్ అనే ఊరి మీదుగా పోతుంది, పగలు తరచుగా ఉంటుంది, రాత్రి దాకా నడుస్తుంది. కానీ అది మెయిన్ రోడ్డు వదిలి సముద్రం వైపు దిగదు. బర్లింగ్ గ్యాప్, బీచీ హెడ్ దాకా వెళ్ళేది 13ఎక్స్. ఇది ఏడాది పొడుగునా రోజూ ఉండదు, సాయంత్రం తొందరగా ఆగిపోతుంది. వెళ్ళే రోజు తేదీ కొట్టి ఆ రోజు టైమ్‌టేబుల్ చూసుకో, నిన్నటిది చూసి పోవద్దు.

మోకాలు నొప్పి ఉన్న మనిషికి నేను చెప్పే దారి: లండన్ విక్టోరియా నుంచి ఈస్ట్‌బోర్న్‌కి రైలు, గంటన్నర. అక్కడ 13ఎక్స్ ఎక్కితే ఎక్కుడంతా బస్సే ఎక్కుతుంది, మీరు బీచీ హెడ్ పైన దిగుతారు. తర్వాత అదే నంబరు ఎక్కి బర్లింగ్ గ్యాప్, అక్కణ్ణుంచి ఎగ్జీట్. ఆ తర్వాత 12 ఎక్కి బ్రైటన్, రాత్రి రైలుకి లండన్. బ్రైటన్ నుంచి గంట పైచిలుకు. వెళ్ళేది ఒక ఊరి మీదుగా, వచ్చేది ఇంకో ఊరి మీదుగా కాబట్టి రెండు వైపులకీ విడివిడిగా టికెట్ తీసుకోవాలి, అది ఒక్కటే తేడా.

పై అంతస్తులో ముందు సీటు. బ్రైటన్ వైపు వస్తుంటే సముద్రం ఎడమ చేతి పక్క ఉంటుంది.

ఉప్పాడ పిల్ల | మే 7, మధ్యాహ్నం 1:05

నేను ఈస్ట్‌బోర్న్‌లోనే కేర్ హోమ్‌లో పని చేస్తానండి. బస్సు పిచ్చోడు గారు చెప్పింది కరెక్టు. రెండు మాటలు నేనూ కలుపుతాను.

అమ్మగారికి కళ్ళు తిరుగుతాయన్నారుగా, బీచీ హెడ్ మీద భయపడక్కర్లేదు. బస్సు ఆగేది అంచుకి చాలా దూరంలో, పబ్ దగ్గర. చుట్టూ మైదానంలాగా గడ్డి. అసలు అక్కడ సముద్రం మీద 162 మీటర్ల ఎత్తులో నిలబడ్డామని తెలీదు. అందుకే డేంజరు కూడా. చాలా మేర కంచె ఉండదు. గడ్డి అలా పోయి పోయి టక్కున అయిపోద్ది. అంచు దగ్గర కింద సుద్ద రాలిపోయి పైన గడ్డి ఒక్కటే చూరులాగా వేలాడతా ఉంటది, పైనుంచి చూస్తే గట్టి నేలలానే ఉంటది. 2017లో ఒక కొరియా విద్యార్థిని సెవెన్ సిస్టర్స్ మీద ఫోటో కోసం అంచు దగ్గర ఎగిరి కింద పడి చనిపోయింది. ఫోటోలు అంచు నుంచి బాగా ఇవతలే తీసుకోండి, వెనక్కి అడుగు వేస్తా మాత్రం తీసుకోవద్దు.

మాది ఉప్పాడ కాబట్టి ఒకటి చెప్తాను. బర్లింగ్ గ్యాప్‌లో సముద్రం ఒడ్డున వరస ఇళ్ళు ఉండేవి. ఒక్కొక్కటే పోయాయి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు మిగిలిన ఇంటి పక్క గోడ చూశాను, అవతలి ఇల్లు లేదు, గోడ మీద దాని ఆనవాలు ఉంది. మా అమ్మమ్మ వాళ్ళ వీధి గుర్తొచ్చి నాకు కాళ్ళు ఆడలేదు. మా దగ్గర ఇసక, ఇక్కడ సుద్ద, అంతే తేడా.

సుద్దముక్క | మే 7, సాయంత్రం 6:32

నేను స్కూల్లో సైన్సు చెప్తాను, ఈ సుద్ద కొండలంటే ప్రాణం. తెల్లగా ఎందుకుంటాయో నాన్నగారు అడిగితే ఇలా చెప్పు తమ్ముడూ. ఇది ఒకప్పటి వెచ్చటి సముద్రం అడుగు. డైనోసార్ల కాలం చివరి వాటా. కంటికి ఆనని నాచు జీవుల పెంకులు కోట్ల ఏళ్ళపాటు అడుగున పేరుకుని సుద్ద అయింది. మధ్య మధ్యలో అడ్డంగా నల్లటి గీతలు కనిపిస్తాయి, అవి చెకుముకి రాళ్ళ వరసలు. ఒడ్డున ఉండే గులకరాళ్ళన్నీ ఆ గీతల్లోంచి రాలి పడి నునుపెక్కినవే.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. సముద్రం కోస్తూ ఉన్నంత కాలమే ఆ గోడ తెల్లగా ఉంటుంది. కోత ఆగిన చోట గడ్డి మొలిచి పచ్చబడిపోతుంది. అంటే మనం మెచ్చుకుంటున్న ఆ తెలుపు, కొత్తగా తెగిన గాటు.

ఏడుగురు అక్కచెల్లెళ్ళు అంటారు గానీ లెక్కపెడితే ఎనిమిది తేలతాయి. గట్టు పొడుగునా నడిచినవాళ్ళని ఎవర్నయినా అడగండి. ఒకదాన్ని లెక్కలో కలపలేదు పాపం.

కవెంట్రీ కుర్రాడు | మే 7, రాత్రి 9:50

మేడమ్, బీచీ హెడ్ దగ్గర బీచ్ బాగుంటుందా? స్నానం చేయొచ్చా?

సుద్దముక్క | మే 7, రాత్రి 10:02

ఆ పేరుకీ బీచ్‌కీ సంబంధం లేదు నాయనా. పాత ఫ్రెంచిలో బో షెఫ్, అంటే అందమైన తల, అందమైన కొన. ఇంగ్లీషువాళ్ళ నోట్లో నలిగి నలిగి బీచీ అయింది, అర్థం మర్చిపోయి వెనకాల మళ్ళీ హెడ్ తగిలించారు. మనం గేటు వాకిలి అన్నట్టు. పైనుంచి కిందకి దారి లేదు. ఒడ్డుకి దిగాలంటే బర్లింగ్ గ్యాప్ దగ్గర ఇనప మెట్లు ఉన్నాయి, సుద్ద కూలినప్పుడు అవీ మూసేస్తుంటారు.

కవెంట్రీ కుర్రాడు | మే 7, రాత్రి 10:30

థాంక్స్ మేడమ్. నిజానికి నేను పోయిన అక్టోబరులో బర్లింగ్ గ్యాప్ వెళ్ళాను, బీచీ హెడ్ దాకా పోలేకపోయాను. నా తెలివి తక్కువతనం చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది.

వెళ్ళింది మంగళవారం. నా ఫోన్లో ఉన్న స్క్రీన్‌షాటేమో ఆదివారం టైమ్‌టేబుల్. ఎగ్జీట్ నుంచి అక్కచెల్లెళ్ళన్నీ ఎక్కి దిగి బర్లింగ్ గ్యాప్ చేరేసరికి సాయంత్రం ఐదున్నర. స్టాపులో నిలబడ్డాను. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. కేఫ్ మూసేశారు, కార్లన్నీ పోయాయి. చీకటి పడుతోంది. అప్పుడు స్తంభం మీద అంటించిన కాగితం చదివితే ఆ రోజు అసలు ఆ బస్సే లేదు. ఫోన్ ఛార్జింగు 4 శాతం. కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన "ఈస్ట్ డీన్ దాకా నడువు, 12 దొరుకుతుంది" అన్నాడు. మైలు పైచిలుకు. రోడ్డు మీద దీపాల్లేవు. కారు వచ్చినప్పుడల్లా పక్క గడ్డిలోకి దూకుతూ నడిచాను. ఆ 12 లైట్లు కనిపించినప్పుడు మా ఊరి పల్లెవెలుగు కనిపించినంత సంబరం వేసింది.

బస్సు పిచ్చోడు | మే 7, రాత్రి 10:44

ఇది ఫ్రేము కట్టించి పెట్టాలి. అందరూ గుర్తుపెట్టుకోండి: 13ఎక్స్ తప్పితే ఈస్ట్ డీన్‌కి నడక, 12. అంతకు మించి కొంపలేమీ మునగవు.

ఒంటరి బాటసారి | మే 8, ఉదయం 6:15

నేను సీఫర్డ్ స్టేషన్లో దిగి ఈస్ట్‌బోర్న్ దాకా గట్టు వెంటే నడిచాను, 20 కిలోమీటర్ల పైమాటే. తెనాలి తమ్ముడికి అక్కర్లేదు గానీ మోకాళ్ళు బాగున్నవాళ్ళ కోసం రాస్తున్నా.

సీఫర్డ్ హెడ్ దిగి కక్‌మియర్ నది దగ్గరికి వస్తారు. అవతలి గట్టు, తెల్ల గోడ మొదలయ్యే చోటు, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో కనిపిస్తుంది. నీళ్ళు మోకాలి లోతు లాగే ఉంటాయి. దిగొద్దు. అక్కడ వంతెన లేదు. లోపలికి ఎగ్జీట్ దాకా నడిచి, రోడ్డు వంతెన దాటి, మళ్ళీ ఇటు రావాలి. గంట పోతుంది. నా ముందు నలుగురు కుర్రాళ్ళు ప్యాంట్లు మడిచి దిగారు, సగంలోనే ప్రవాహం లాగుతుంటే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వెనక్కొచ్చారు.

రెండోది, కొండ కింద ఒడ్డు వెంట కక్‌మియర్ నుంచి బర్లింగ్ గ్యాప్‌కి నడుద్దాం అనుకోవద్దు. పోటు వస్తే ముందు సముద్రం, వెనక గోడ. మధ్యలో పైకెక్కే దారి ఎక్కడా లేదు.

బీచీ హెడ్ మీద బల్ల దొరికితే ఒక్కణ్ణే కూర్చుని పులిహోర డబ్బా విప్పాను. చాలాసేపు కూర్చున్నట్టున్నాను. ఒకావిడ వచ్చి చాలా మామూలుగా, ఎక్కణ్ణుంచి వచ్చారు, బాగున్నారా అని పలకరించింది. అక్కడ చాప్లెన్సీ అని ఒక స్వచ్ఛంద బృందం తిరుగుతుంటుంది. మనసు బాగోక వచ్చినవాళ్ళని మాటల్లో పెట్టి వెనక్కి తీసుకురావడం వాళ్ళ పని. నేను బాగానే ఉన్నానని చెప్పి, పులిహోర పెట్టాను. ఆవిడ మిరపకాయ పక్కన పెట్టి మిగతాదంతా తిన్నది.

తెనాలి తమ్ముడు | మే 8, రాత్రి 9:12

ఇన్ని రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. ఖర్చు మాటేమిటి? నాన్న తన సీనియర్ సిటిజన్ కార్డు లామినేషన్ చేయించి మరీ తెచ్చుకున్నారు.

బస్సు పిచ్చోడు | మే 8, రాత్రి 9:40

ఆ కార్డు ఇక్కడ చెల్లదని మెల్లగా చెప్పు. బస్సుకి ఎంత దూరమైనా మనిషికి ఒక వైపుకి 3 పౌండ్లు మించదు. 2023లో ఈ పరిమితి మొదలైనప్పుడు 2 ఉండేది, 2025 జనవరి నుంచి 3 చేశారు. దిగి ఇంకో బస్సు ఎక్కినప్పుడల్లా మళ్ళీ 3. మీరు మూడు నాలుగు బస్సులు మారతారు కాబట్టి రోజంతా తిరిగే డిస్కవరీ టికెట్ ధర కూడా చూసి పోల్చుకో. ఒకే బ్యాంకు కార్డుని మూడుసార్లు తాకించకు, ముగ్గురికీ కలిపి డ్రైవరు దగ్గరే తీసుకో.

రైలుకి రాయితీ ఇచ్చే రైల్‌కార్డు కొనక్కర్లేదు. ముగ్గురున్నారు కదా, గ్రూప్‌సేవ్ అని ఉంటుంది. ముగ్గురి నుంచి తొమ్మిది మంది దాకా కలిసి ఆఫ్‌పీక్‌లో, అంటే రద్దీ లేని వేళల్లో వెళ్తే మూడో వంతు తగ్గుతుంది. టికెట్ కొనేటప్పుడు అది పడిందో లేదో చూసుకో. శని, ఆదివారాల్లో పట్టాల పనులుంటే రైలు బదులు బస్సు వేస్తారు, ముందు రోజు రాత్రి ఒకసారి చూడు.

కారే ముద్దు | మే 8, రాత్రి 9:55

మూడు నాలుగు బస్సులు, రెండు రైళ్ళు. దేవుడా. నేను పోయిన ఆగస్టులో పార్కింగు కోసం బర్లింగ్ గ్యాప్‌లో ముప్పావు గంట తిరిగానని ఈ సందర్భంగా ఒప్పుకుంటున్నాను.

ఉప్పాడ పిల్ల | మే 8, రాత్రి 10:20

హహహ. పార్కింగుకి డబ్బులు కూడా కట్టించుకుంటారండి అక్కడ.

తమ్ముడూ, చెవులు కప్పుకునే టోపీ తీసుకెళ్ళు. ఊళ్ళో ఎండ కాస్తున్నా కొండ మీద గాలి నెట్టేస్తది. అమ్మగారు చీర కట్టుకుంటే పైన కోటు బొత్తాలు పెట్టుకునేది చూడండి. బాత్రూములు బర్లింగ్ గ్యాప్‌లో ఉన్నాయి, ఎగ్జీట్‌లో ఉన్నాయి. ఎగ్జీట్ నుంచి సముద్రం దాకా దారి చదునుగా ఉంటది, నది వంకలు తిరుగుతా పక్కనే వస్తది. చక్రాల కుర్చీలు కూడా పోతాయి, చివర గులకరాళ్ళు వచ్చేదాకా. నాన్నగారికి అది నప్పుద్ది.

మోడరేటర్ | మే 9, ఉదయం 8:00

ఈ చర్చ దారం బాగా పనికొచ్చేలా ఉంది, ఫోరంలో పైన అంటిస్తున్నాను. టాక్సీ నంబర్లు, వాట్సాప్ గ్రూపు లింకులు పెట్టినవి రెండు తీసేశాను. దయచేసి పెట్టకండి.

తెనాలి తమ్ముడు | మే 18, సాయంత్రం 5:25

వెళ్ళొచ్చాం. నిన్న శనివారం. ఎలా జరిగిందో రాయమని ముగ్గురు మెసేజి పెట్టారు, కాబట్టి రాస్తున్నా, పొడుగైతే తిట్టుకోకండి.

విక్టోరియాలో తొమ్మిది దాటాక రైలెక్కాం. ఈస్ట్‌బోర్న్ స్టేషన్ బయట 13ఎక్స్ వచ్చింది. నాన్న ఎక్కీ ఎక్కగానే అడిగిన మొదటి ప్రశ్న "కండక్టరు ఏడి?" లేడు నాన్నా, డ్రైవరే టికెట్ ఇస్తాడు అన్నాను. "మరి బండి ఎవరు కదిలిస్తారు, రైట్ రైట్ అనేదెవరు" అన్నారు. అమ్మ నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది. పైకెక్కలేరేమో అనుకున్నా గానీ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కేశారు. మోకాలి సంగతి పై అంతస్తు ముందు సీటు చూడగానే మర్చిపోయినట్టున్నారు.

బీచీ హెడ్‌లో దిగాం. ఉప్పాడ అక్క చెప్పినట్టే అంతా గడ్డి, గాలి. నాలుగడుగులు వేశాక కింద, చాలా కింద, ఎర్ర తెల్ల చారల లైట్‌హౌస్ కనిపించింది. 43 మీటర్ల స్తంభమట, పైనుంచి చూస్తే చాక్‌పీసంత ఉంది. 1902లో కట్టారు. పైన గట్టు మీద ఉన్న పాత లైట్‌హౌస్ వెలుగు మంచు పట్టినప్పుడు ఓడలకి కనపడేది కాదట, అందుకని దీన్ని నీళ్ళలో కట్టారు. ఆ చారలకి మళ్ళీ రంగు వేసే అవసరం లేదని అధికారులంటే, ఊళ్ళోవాళ్ళు చందాలు పోగు చేసి 2013లో వేయించారని బోర్డు చూస్తున్న ఒక ముసలాయన చెప్పాడు. అమ్మ మాత్రం బల్ల మీద సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. "మీరు చూసి చెప్పండి, నేను వింటాను" అంది. నాన్న కూడా పట్టుబట్టలేదు. వెళ్ళి చూసి, వచ్చి ఆవిడకి చెప్పి, మళ్ళీ వెళ్ళి చూశారు. మూడు ట్రిప్పులు.

తర్వాత బస్సులో బర్లింగ్ గ్యాప్. దార్లో బెల్ టూట్ కనిపించింది, అదే ఆ పాత లైట్‌హౌస్. అంచు దగ్గరకి వచ్చేస్తుంటే 1999లో ఆ కట్టడాన్ని మొత్తంగా జాకీలతో లేపి 17 మీటర్లు వెనక్కి జరిపారని చదివి వినిపించాను. నాన్న నమ్మలేదు. "బిల్డింగు జరపడమేంట్రా, బెంచీనా" అన్నారు. ఈస్ట్ హామ్ వచ్చాక వీడియో చూపిస్తే గానీ ఒప్పుకోలేదు.

బర్లింగ్ గ్యాప్‌లో దద్దోజనం తిన్నాం. డబ్బా మూత తీయగానే పైన కప్పిన రేకు కాగితం ఎగిరిపోయింది, నేను దాని వెనక పరిగెత్తేలోపు ఒక సీగల్ వచ్చి ఊరమిరపకాయ ఎత్తుకుపోయింది. అది తిని ఏమైందో తెలీదు. ఇనప మెట్లు తెరిచే ఉన్నాయి గానీ నాన్న దిగలేదు. పైనుంచే అక్కచెల్లెళ్ళ వరస పక్కగా కనిపించింది. అందరూ దిగి ఫోటోలు తీసుకుంటుంటే ఆయన ఎండలో కళ్ళు చికిలించి ఆ తెల్లటి గోడకేసి చాలాసేపు చూశారు. "సున్నం కొట్టినట్టు ఉందిరా, నిన్ననే కొట్టినట్టు" అన్నారు. సుద్దముక్క మేడం చెప్పిన గాటు సంగతి అప్పుడు చెప్పాను.

ఇక తప్పు జరిగింది ఇక్కడ. ఎగ్జీట్ వెళ్ళే బస్సు ఎక్కాం. నాన్న బెల్లు తానే నొక్కుతానన్నారు. ఒక స్టాపు ముందే నొక్కేశారు. దిగి చూస్తే నది లేదు, సముద్రం లేదు, రోడ్డు పక్కన ఒక చెరువు, ఒక చిన్న చర్చి. ఫ్రిస్టన్ అట. తర్వాతి బస్సుకి ఇరవై నిమిషాలు. మళ్ళీ ముగ్గురికి 9 పౌండ్లు. నాన్న మొహం చూడాలి. "31 ఏళ్ళు జనాన్ని స్టేజీల్లో దించినవాణ్ణి, నా స్టేజీ నేనే తప్పాను."

కానీ ఆ ఇరవై నిమిషాలే అమ్మకి రోజు మొత్తంలో బాగా నచ్చాయి. ఆ చర్చి గేటు ఒక పక్క బందులతో ఉండదు. మధ్యలో ఒక గుంజ మీద నిలబడి గుండ్రంగా తిరుగుతుంది, ఇటు తోస్తే అటు వస్తుంది. టాప్సెల్ గేటు అంటారట, ససెక్స్‌లో కొన్ని చర్చిలకే ఉంటాయి. అమ్మ దాన్ని నాలుగైదు సార్లు తిప్పింది. లోపల సమాధుల మధ్య గడ్డి పూలు. లోతు లేదు, గాలి లేదు. "ఇక్కడికే వస్తే సరిపోయేది కదా" అంది.

ఎగ్జీట్‌లో నది వెంట సగం దాకా నడిచి వెనక్కొచ్చాం. ఫోటోలో ఉన్న ఇళ్ళు దూరంగా కనిపించాయి గానీ ఆ ఫోటో మాత్రం దొరకలేదు. నాన్న వాట్సాప్ ఫోటోతో పోల్చి "యాంగిల్ తప్పు" అని తేల్చారు.

12 ఎక్కి బ్రైటన్. పై అంతస్తు ముందు సీటు, ఎడమ పక్క సముద్రం. పీస్‌హేవెన్ దగ్గర గ్రీనిచ్ రేఖ సముద్రంలోకి దిగుతుందని ఒక స్తంభం ఉందని చెప్పాను. ఆయన వినలేదు. టికెట్ వెనక పెన్నుతో స్టాపులూ టైములూ రాసుకుంటున్నారు. రాత్రి పదిన్నరకి ఇంట్లో ఉన్నాం.

ఉప్పాడ పిల్ల | మే 18, సాయంత్రం 6:10

ఊరమిరపకాయ తిన్న సీగల్ మా వైపు రాకుండా చూడండి బాబూ. అమ్మగారి మాట నాకు భలే నచ్చింది.

బస్సు పిచ్చోడు | మే 18, సాయంత్రం 6:45

నాన్నగారికి నా నమస్కారం చెప్పు. ఆ ఫోటో కావాలంటే ఇంకోసారి రావాలి. 12లో సీఫర్డ్ ఊరి తూర్పు కొసన దిగి, సౌత్ హిల్ బార్న్ అనే చోటికి నడవాలి. సన్నగా ఎక్కుడు ఉంది గానీ తారు రోడ్డు లాంటి దారే, మధ్యలో ఆగి ఆగి పోవచ్చు. మధ్యాహ్నం తర్వాత వెళ్తే ఎండ గోడ మీద పడి బాగా కనిపిస్తుంది.

కవెంట్రీ కుర్రాడు | నవంబరు 24, రాత్రి 8:30

పాత దారం లేపుతున్నందుకు సారీ. మా రూమ్మేట్లు డిసెంబరు సెలవుల్లో పోదామంటున్నారు. చలికాలంలో కుదురుతుందా?

ఒంటరి బాటసారి | నవంబరు 24, రాత్రి 9:05

కుదురుతుంది, జనం ఉండరు. కానీ డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. పొద్దున ఎనిమిదికల్లా లండన్లో రైలెక్కకపోతే వెళ్ళొద్దు. వానలు పడ్డాక తడి సుద్ద మీద బూట్లు సబ్బు మీద జారినట్టు జారతాయి, కూలడం కూడా ఎక్కువ. గట్టు మొత్తం నడవకుండా ఎగ్జీట్ నుంచి సముద్రం దాకా పోయి రండి.

బస్సు పిచ్చోడు | నవంబరు 24, రాత్రి 9:11

ఈసారి స్క్రీన్‌షాట్ ఏ రోజుదో చూసుకో.

తెనాలి తమ్ముడు | నవంబరు 24, రాత్రి 11:40

దారం లేచింది కాబట్టి అడుగుతున్నా. నాన్న తెనాలి నుంచి ఫోన్లో ఇప్పటికీ ఆ 12 నంబరు గురించే మాట్లాడుతున్నారు. వచ్చే వేసవికి మళ్ళీ వస్తారట. కొండలు సరే, ఆ బస్సుల డిపో ఎక్కడుందో కనుక్కోమన్నారు. పొద్దున బండ్లు బయటికొచ్చే టైముకి గేటు దగ్గర నిలబడి చూస్తారట. ఉందా అలాంటిది?

బస్సు పిచ్చోడు | నవంబరు 24, రాత్రి 11:47

ఎందుకు లేదు. బ్రైటన్‌లో లూయిస్ రోడ్ మీదే ఒక డిపో ఉంది, ఊరి మధ్యలోంచి 25 నంబరు ఎక్కితే దాని ముందు నుంచే పోతుంది. లోపలికి పోనక్కర్లేదు, ఎదురు పేవ్‌మెంటు మీద నిలబడితే గేటు కనిపిస్తుంది. తెల్లవారుజామున రావాలి, కాబట్టి ముందు రోజు రాత్రికి మా ఇంట్లో పడుకోండి. ఆయన్ని ఆ రాసుకున్న టికెట్ తెమ్మను.